రాయలసీమ పరిశోధనము : సమష్టికృషికి ఒక కొలమానము

తెలుగున ప్రాంతీయ పరిశోధనము కొఱవడియున్నదని నేడెవ్వరును చెప్పజాలరు. ఒక్క రాయలసీమనే తీసికొన్నను, తిరుపతిలో 1954లో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయము వెలసినది మొదలు, అనంతపురమున 1981లో శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయము, కుప్పమున 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయము, కడపలో 2006లో యోగి వేమన విశ్వవిద్యాలయము, కర్నూలున 2008లో రాయలసీమ విశ్వవిద్యాలయము వరుసగా ఏర్పడినవి. ఆ సీమలోని గ్రామనామములు, జానపదగేయములు, శాసనములు, స్థలచరిత్రలు, మాండలికము, కథానికలు, నవలలు సిద్ధాంతవ్యాసములకు విషయములగుచున్నవి. ఇది సంతోషింపదగిన విషయమే. కాని ఇందఱు పరిశోధకులు కలిసి ఒక పరిశోధకసమాజముగా రూపొందుచున్నారా? లేక ఒకే ఊరికి వేర్వేరు దారుల పోవుచు ఒకరినొకరు ఎన్నడును కలిసికొనని బాటసారులవలె నున్నారా? ఈ ప్రశ్న మనము వేసికొనక తప్పదు.

సంఘము పెట్టినంతమాత్రమున సమాజము సిద్ధింపదు. సభ్యుల పట్టిక, వార్షికసభ, అధ్యక్షోపన్యాసము, సన్మానపత్రము - ఇవి పరిశోధనమునకు బాహ్యాలంకారములు. ఒకే ప్రాంతమున పుట్టినవారందఱును ఒకచోట చేరినను అది సిద్ధింపదు. మా దృష్టిలో దీనిని కొలుచుటకు ఒక్క ప్రశ్న చాలును: ఒక పరిశోధకుడు పని ముగించినచోటినుండి తరువాతివాడు ప్రారంభింపగలుగుచున్నాడా? ప్రారంభింపగలిగినచో అచ్చట సమాజమున్నది. ప్రతివాడును మొదటినుండియే ప్రారంభింపవలసివచ్చినచో, గ్రంథములెన్ని వెలువడినను అచ్చట సమాజము లేదు. ఈ ప్రశ్ననే కొలమానముగా గైకొని, పూర్వులు చేసిన కొన్ని సమష్టికృషులను పరిశీలించి, వాని వెలుగున నేటి స్థితిని విమర్శింప యత్నింతుము.

ముందుగా 'సీమ' యను భావనను గూర్చి రెండు మాటలు చెప్పవలసియున్నది. 1800లో నిజాము ఈస్టిండియా కంపెనీకి వదలియిచ్చిన జిల్లాలకు దత్తమండలములని పేరు వచ్చినది. ఆ పేరులో ఇచ్చినవాడును పుచ్చుకొన్నవాడును కలరు గాని, అందు నివసించు ప్రజ లేదు. 1928లో నంద్యాలలో జరిగిన సభలో ఆ పేరునకు మాఱుగా 'రాయలసీమ' యను నామమును ప్రతిపాదించినవారు చిలుకూరి నారాయణరావుగారు. వారు కళింగాంధ్రమున జన్మించి, అనంతపురము కళాశాలలో అధ్యాపకులైన భాషాశాస్త్రజ్ఞులు. 1937లో ప్రకటితమైన ఆంధ్రభాషాచరిత్రమునకు కర్తలు. సీమకు పేరు పెట్టినవారు సీమలో పుట్టినవారు కారనుట గమనింపదగినది. ప్రాంతమును గూర్చి మాటలాడు అర్హత జన్మచేత రాదు, పనిచేత వచ్చును. ప్రాంతీయపరిశోధకుల సమాజమును నిర్మింపదలచినవారు గుర్తుంచుకొనవలసిన మొదటి పాఠమిది.

రెండవ పాఠము ఎల్లలకు సంబంధించినది. దత్తమండలములలో ప్రధానమైన బళ్లారినుండి 1882లో అనంతపురము వేఱు జిల్లాగా ఏర్పడినది. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడినపుడు మదనపల్లె కడపను విడిచి అందు చేరినది. 1953లో బళ్లారి మైసూరు రాష్ట్రమునకు పోయినది. 2022లో ఉన్న జిల్లాలు మఱల విభజింపబడినవి. ఇట్లు పాలనావసరములనుబట్టి మాఱుచుండు గీతలను పరిశోధనమునకు కట్టుగోడలుగా చేసికొనుట యుక్తము కాదు. 'కడప జిల్లా జానపదగేయములు' అని ఒకరు వ్రాసినచో, అది ఏనాటి కడప జిల్లాయో చెప్పినగాని ఏబదియేండ్ల తరువాతి చదువరికి బోధపడదు. మడకశిర, హిందూపురముల ప్రాంతమున కన్నడము, కుప్పము ప్రాంతమున తమిళకన్నడములు తెలుగుతో కలిసి వ్యవహారమున నున్నవి. బళ్లారిలోను కోలారులోను తెలుగు వినబడుచునే యున్నది. కావున రాయలసీమ పరిశోధకసమాజమనగా తెలుగుశాఖలవారి సమాజము మాత్రమే యనుకొన్నచో అది పుట్టుకతోనే అంగవైకల్యము పొందినట్లగును. 1991లో హంపిలో నెలకొన్న కన్నడ విశ్వవిద్యాలయమువారికిని మనకును విజయనగరము ఉమ్మడి ఆస్తి. దానిని పంచుకొనుటలో దాయాదుల వ్యాజ్యమునకు తావులేదు.

ఇక పూర్వుల కృషిని పరిశీలింతము. ఈ సీమలో సమష్టిగా జరిగిన తొలి పెద్ద సేకరణము కర్నలు మెకంజీ పేరుమీద నున్నది. గ్రామగ్రామమునకు తిరిగి, కరణములను, పెద్దలను, అర్చకులను అడిగి, కైఫీయత్తులను వ్రాయించిన పనిలో ముఖ్యులు కావలి వెంకట బొఱ్ఱయ్య, లక్ష్మయ్య, రామస్వామి సోదరులు, వారి క్రింద పనిచేసిన పలువురు లేఖకులు. ఆ సేకరణము లేకున్నచో మన గ్రామములలో అనేకమునకు పందొమ్మిదవ శతాబ్దికి పూర్వపు కథయే దొరకదు. కాని ఆ కృషి సమాజముగా మాఱినదా? 1821లో మెకంజీ మరణించెను. ఆ పనిని తాను కొనసాగింతునని లక్ష్మయ్య కోరగా, 1830ల దశాబ్దమున కలకత్తాలోని ఏషియాటిక్ సొసైటీ పెద్దలు అతనికి ఆ అర్హత లేదని తలచి అంగీకరింపరైరి. ఇరువదియేండ్లకు పైగా ఆ సామగ్రిని చేతులార కూర్చినవాడే దానిని వివరించుటకు అనర్హుడయ్యెను! సామగ్రి తెచ్చువాడొకడు, పండితుడనిపించుకొనువాడు మఱొకడు అను విభాగము అచ్చట స్పష్టముగా కనబడును. మా కొలమానము ననుసరించి చెప్పవలెనన్నచో, తరువాతివాడు సిద్ధముగానే యుండెను, అతనిని ప్రారంభింపనీయలేదు. కడపలోని బ్రౌను గ్రంథాలయమువారు ఆ జిల్లా కైఫీయత్తులను సంపుటములుగా ప్రకటించుటచే, ఆ ఋణము కొంతవఱకు ఈ కాలమున తీరినది.

1820లో కడపకు ఉద్యోగిగా వచ్చిన చార్లెసు ఫిలిప్ బ్రౌను కృషి దీనికి భిన్నమైనది. ఒక్కొక్క గ్రంథమునకు పెక్కు ప్రతులను తెప్పించుట, వానిని పండితులచేత సరిచూపించుట, పాఠభేదములను గుర్తింపించుట - ఈ పద్ధతిలో ఆయన ఇంట నడచినది ఒక చిన్న పరిశోధనాలయమే. పనిచేసిన పండితుల పేళ్లు కొన్ని నిలిచియుండుట ఆ పద్ధతికి గౌరవము. అయినను దానికి ఒక్కటే ఆధారము: దొరగారి ధనము, దొరగారి పట్టుదల. ఆయన స్వదేశమునకు మరలిన పిదప ఆ కూటమి చెదరిపోయినది. ప్రతులు మాత్రము మదరాసు ప్రాచ్యలిఖితపుస్తక భాండాగారమున నిలిచినవి. నూఱేండ్లు గడచిన పిదప తిరుపతి విశ్వవిద్యాలయమున జి.ఎన్. రెడ్డిగారును, పాత్రికేయులైన బంగోరెగారును కలిసి బ్రౌను వ్రాతలను వెదకి వెలికితీసి, ఆయన సాహిత్య స్వీయచరిత్రను 1978లో ప్రకటించిరి. ఆచార్యపదవిలోనున్న భాషాశాస్త్రజ్ఞుడును, విశ్వవిద్యాలయమునకు వెలుపలినుండి వచ్చిన పాత్రికేయుడును ఒకే బల్లకడ కూర్చుండి పనిచేయుట ఇందలి విశేషము. ఒక వ్యక్తితో ముగిసిన పని ఒక సంస్థలో మఱల ప్రాణము పోసికొనగలదని ఇది నిరూపించినది. కాని నడుమ గడచిన నూఱేండ్ల వ్యవధి మఱువరానిది.

ఈ కొలమానమునకు సంపూర్ణముగా నిలుచునది, మా యెఱుకలో, తాళ్లపాక సంకీర్తనల పరిష్కరణము. తిరుమల ఆలయమునందలి రాగిఱేకులు ఇరువదవ శతాబ్దిలో వెలుగునకు వచ్చుటలో దేవస్థానపు శాసనపరిశోధకులు సాధు సుబ్రహ్మణ్యశాస్త్రిగారి పాత్ర ప్రధానమైనది. 1939లో తిరుపతిలో ప్రాచ్యపరిశోధనాలయము నెలకొన్నది. అచ్చట వేటూరి ప్రభాకరశాస్త్రిగారు ఆ వాఙ్మయమును పరిష్కరించి, అన్నమాచార్య చరిత్రమును విపులమైన పీఠికతో ప్రకటించిరి. 1950లో వారు గతించిరి. పిదప రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారు ఆ పనిని కొనసాగించి, సంకీర్తనల పాఠమును శోధించుటయేగాక కొన్నింటిని స్వరపఱచిరి. గౌరిపెద్ది రామసుబ్బశర్మగారు తరువాతి సంపుటములకు పూనుకొనిరి. వీరిలో వేటూరివారు కృష్ణా మండలమువారు; రాళ్లపల్లివారు అనంతపురము మండలమున పుట్టి మైసూరులో దీర్ఘకాలము బోధించినవారు. ఒకరు లిపిని చదివిరి, ఒకరు చరిత్రను సంతరించిరి, ఒకరు సంగీతమును కూర్చిరి. ఎవ్వరును మొదటినుండి ప్రారంభింపవలసిన అగత్యము కలుగలేదు. ఏలయన, రాగిఱేకులు ఒక్కచోట నుండెను. పూర్వుడు చేసినది అచ్చులో నుండెను. దానిని సరిదిద్దుట అవమానముగా ఎవ్వరును తలపలేదు. ఈ మూడే సమాజమునకు మూలస్తంభములని మా అభిప్రాయము: ఒక్కచోట నున్న సామగ్రి, అందఱికిని అందు ఫలితము, దిద్దుబాటును సహించు మనస్సు.

సీమ వెలుపల నుండి రెండు ఉదాహరణములను పోలికకై గైకొందము. తెలంగాణమున కవులు లేరను ఆక్షేపమునకు సమాధానముగా సురవరము ప్రతాపరెడ్డిగారు 1934లో గోలకొండ కవుల సంచికను ప్రకటించిరి. అందు 354 మంది కవులు చోటుచేసికొనిరి. ఆగ్రహమును ఉపన్యాసముగా వ్యర్థపుచ్చక ఆధారముగా మార్చిన ఆ సంపాదకుని వివేకము శ్లాఘనీయము. తరువాత తెలంగాణ సాహిత్యచరిత్రను వ్రాయబూనినవారికి అది నామావళిగా, దారిదీపముగా ఉపకరించినది. అయినను సంచిక స్వభావముచేతనే దానికొక పరిమితి కలదు. సమాధానము చెప్పుటకు సంకల్పించిన గ్రంథము సంఖ్యను చూపవలెను. గుణతారతమ్యమును నిర్ణయించు పని తరువాతివారికి మిగులును. అవమానము జనులను ఒకచోట చేర్పగలదు. వారు చెదరక కూర్చుండి పనిచేయవలెనన్నచో నిత్యమును చేయదగిన పని యొకటి యుండవలెను. నేటి ప్రాంతీయోద్యమముల నుండి ఉత్సాహము పొందుచున్న పరిశోధకులు ఈ భేదమును గుర్తింపవలెను.

రెండవ ఉదాహరణము ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ ప్రకటించిన మాండలిక వృత్తిపదకోశము. భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వమున వ్యవసాయపదముల సంపుటము 1962లోను, చేనేతపదముల సంపుటము 1971లోను వెలువడినవి. ముందుగా సిద్ధపఱచిన ప్రశ్నావళితో తెలుగునాట పలుచోట్లకు పోయి, రైతునోటినుండి, సాలెవాని నోటినుండి వినిన పదమును వినినట్లు వ్రాసికొని, ఏ పదము ఏ ప్రాంతమున వ్యవహారమున నున్నదో సూచించిన గ్రంథమది. తెలుగున నాలుగు మాండలిక మండలములున్నవను నిర్ణయమునకు ఇట్టి సామగ్రియే ఆధారమైనది. అందులో రాయలసీమ, నెల్లూరులతో కూడిన దక్షిణమండలము తన రూపమును తాను చూచికొనగలిగినది - తనను గూర్చి తాను చెప్పికొనుటవలన కాదు, తక్కిన మూడు మండలముల ప్రక్కన నిలుచుటవలన. ప్రశ్నావళి ఈ కోశమునకు బలము; పరిమితియు అదియే. అడిగిన దానికే సమాధానము వచ్చును. అడుగని పదము పుస్తకమునకు ఎక్కదు. అయినను, పద్ధతి స్పష్టముగా నుండుటచే అడుగనిదేదియో తరువాతివాడు కనిపెట్టగలడు. దోషమును కనుగొనుటకు వీలైన పద్ధతియే మంచి పద్ధతి.

ఈ వెలుగున నేటి స్థితిని చూతము. సీమను గూర్చిన సిద్ధాంతవ్యాసములలో ప్రథమాధ్యాయము తఱచుగా ఒకే అచ్చున పోసినట్లుండును: సీమ భౌగోళికస్థితి, 1800 నాటి దత్తత, పేరు పుట్టుక, ధాత కరువు, వర్షాభావము. ఇవి తెలియవలసినవే. కాని ఒక్కసారి సమగ్రముగా, ప్రామాణికముగా వ్రాసి అందఱును స్వీకరింపదగిన విషయమును ప్రతి విద్యార్థియు మఱల వ్రాయుట, తన పరిశోధనకాలములో శ్రేష్ఠమైన నెలలను దారపోయుటయే. ఆ నెలలలో అతడు పోవలసిన గ్రామమున పాట యెఱిగిన ముదుసలి కన్నుమూయవచ్చును. కపిలతో నీరు తోడిన రైతు ఆ కపిలబాన భాగములకు పేళ్లు చెప్పగలవాడు; గొట్టపుబావి వచ్చిన పిదప పుట్టిన అతని మనుమడు చెప్పలేడు. గ్రంథాలయములోని పుస్తకము రేపటివఱకు నిలుచును. మనిషి నిలువడు. ప్రాంతీయపరిశోధనమున కాలహరణము ఇతర పరిశోధనములందు కంటె పెద్ద నేరమగుట ఇందువలననే.

గ్రామనామ పరిశోధనము మఱియొక నిదర్శనము. 1970ల దశాబ్దమున కేతు విశ్వనాథరెడ్డిగారు కడప జిల్లా ఊళ్ల పేళ్లను శాస్త్రీయముగా పరిశీలించి ఆ శాఖకు బాట వేసిరి. గ్రామనామము ఒంటరిగా నున్నపుడు మూగది. పల్లె, పాడు, కుంట, చెఱువు, కొండ మొదలగు ఉత్తరపదములు ఏ నదికి ఈవల దట్టముగా నున్నవి, ఏ కొండకు ఆవల పలుచబడినవి అనునది తెలిసినపుడే అది మాటలాడును. కావున పొరుగు జిల్లా పట్టికతో పోల్చనిదే ఆ శాస్త్రమున సిద్ధాంతము చేయరాదు. ఒకరు అక్షరక్రమమున, మఱొకరు అర్థక్రమమున, వేఱొకరు తాలూకాల క్రమమున పట్టికలు కూర్చినచో పోల్చుటకు దారి మూసికొనిపోవును. వారి వారి గ్రంథములు వేర్వేఱుగా మంచివే కావచ్చును. వానినుండి సీమకంతకు ఒక చిత్రపటము మాత్రము తయారు కాదు.

సిద్ధాంతవ్యాసములు అందుబాటులో లేవను ఫిర్యాదు పూర్వము బలముగా నుండెడిది. 2009లో విశ్వవిద్యాలయ గ్రాంట్ల సంఘము చేసిన నిబంధనలతో వానిని సంగణకమున భద్రపఱచు పద్ధతి వచ్చినది. శోధగంగ యను జాతీయభాండాగారమున తెలుగు సిద్ధాంతవ్యాసములు పెక్కు దొరకుచున్నవి. ఇది గొప్ప మేలు. కాని రెండు లోపములను చెప్పక తప్పదు. పాత ముద్రణాలయపు అక్షరరూపములతో కూర్చిన వ్యాసములలోను, పుటలను బొమ్మలుగా తీసిపెట్టిన వ్యాసములలోను ఒక పదమును వెదకి పట్టుకొనుట సాధ్యము కాదు. అంతకంటె ముఖ్యమైనది రెండవది: అందున్నది ఫలితమే కాని సామగ్రి కాదు. వ్యాసమున ఉదాహరింపబడిన పది పాటలు దొరకును. ఉదాహరింపబడని నూఱు పాటల నోటుపుస్తకము, ధ్వనిముద్రణములు, పాడినవారి వివరములు పరిశోధకుని ఇంటనే మిగులును. పట్టము వచ్చిన పిదప అవి అటకనెక్కును. తరువాతివాడు ఆ గ్రామమునకే పోయి, ఆ పాటలనే అడిగి, పాడువారు లేరని వ్రాసికొని వచ్చును.

సమష్టికృషి యనగానే ఒక శంక పుట్టుట సహజము. అందఱును ఒకే పద్ధతిని అనుసరించినచో స్వతంత్రదృష్టి నశింపదా? ప్రాంతీయసమాజము క్రమముగా ప్రాంతీయదురభిమానమునకు కోటగా మాఱదా? ఈ భయము నిరాధారము కాదు. పొగడ్తలకై ఏర్పడిన సంఘములలో విమర్శ మొదట మరణించును. కాని మేము కోరునది అభిప్రాయైక్యము కాదు, ఆధారైక్యము. ఒకే సామగ్రిని ముందుంచుకొన్న ఇద్దఱు విభేదించినపుడే వాదము శాస్త్రమగును. వేర్వేఱు సామగ్రులను దాచికొన్నవారు విభేదించినచో అది కేవలము మాటల పోరు. కడప మండలమందలి కలమళ్ల, ఎఱ్ఱగుడిపాడు శాసనములను తొలి తెలుగు శాసనములని మనము గర్వముతో చెప్పుకొనుచున్నాము. ఆ గర్వము నిలుచుట శాసనపాఠము ప్రకటితమై, ఎవరైనను చదివి ప్రశ్నింపగల స్థితిలో నుండుటచేతనే. ప్రశ్నింపరాని గర్వము పొరుగువానిముందు నిలువదు.

ఇక కర్తవ్యము. ఇది ప్రభుత్వపు నిధులకై ఎదురుచూచి ఆగవలసిన పని కాదు. సీమలోని విశ్వవిద్యాలయముల తెలుగు, చరిత్ర, కన్నడ, తమిళ శాఖలవారు నాలుగు విషయములను అంగీకరించిన చాలును. మొదటిది, విషయమును నమోదు చేయుటకు ముందే పొరుగు శాఖలకు తెలిపి, అదే గ్రామములలో అదే పని జరిగినదేమో విచారించుట. రెండవది, సేకరించిన మూలసామగ్రిని సిద్ధాంతవ్యాసముతోపాటు విశ్వవిద్యాలయ గ్రంథాలయమున దాఖలు చేయుట; ప్రతి పాటకును, ప్రతి పదమునకును గ్రామము, నాటి తాలూకా, నేటి మండలము, తేది, చెప్పినవారి పేరు, వారి అనుమతి వ్రాసియుంచుట. మూడవది, ఏటేట ఒకచోట కూడి, ముగిసిన వ్యాసములను ప్రశంసించుటకు మాఱుగా ముగియని చిక్కులను చర్చించుట: చదువలేకపోయిన శాసనపంక్తి, అర్థము తెలియని పదము, పొంతన కుదురని రెండు స్థలచరిత్రలు. నాలుగవది, విశ్వవిద్యాలయమునకు వెలుపలనున్న ఉపాధ్యాయుని, గ్రంథాలయాధికారిని, కళాకారుని సమాచారమిచ్చువారుగా మాత్రమే కాక సహపరిశోధకులుగా గుర్తించి, వారి పేళ్లను పీఠికలోని కృతజ్ఞతావాక్యమున కాక గ్రంథమునందే నిలుపుట.

ఈ నాలుగింటిలో కడపటిది మిక్కిలి కష్టమైనది, మిక్కిలి అవసరమైనది. మొదటి మూడును ఏర్పాటులు. ఇది మనోవృత్తికి సంబంధించినది. కావలి లక్ష్మయ్యకు అర్హత లేదన్న పెద్దలను మనము నేడు నిందించుచున్నాము. నిమ్మలకుంట తోలుబొమ్మల కళాకారునికడ కథయంతయు విని వచ్చి, అతని పేరును అధోజ్ఞాపికలో సైతము ఉంచని పరిశోధకుడు ఆ పెద్దలకంటె ఎంతమాత్రము మెఱుగు? పర్యవేక్షకుడు తన విద్యార్థి సేకరణను తన గ్రంథమున కలుపుకొని, పేరును పీఠిక చివర నెట్టినపుడు అచ్చట జరుగునదియు అదియే. పనిచేసినవానిని పరిశోధకునిగా అంగీకరింపని చోట తరువాతివాడు పుట్టడు, పుట్టినను నిలువడు.

పరిశోధకసమాజము ఒక సభలో ప్రారంభమై మఱియొక సభలో ముగియునది కాదు. అది ఒకరి చేతినుండి మఱొకరి చేతికి పోవు నోటుపుస్తకమువంటిది. దానిని అందించువానికి ఔదార్యము, అందుకొనువానికి వినయము, ఇరువురికిని సత్యమునందు ఆసక్తి యుండవలెను. తాళ్లపాక రాగిఱేకులవిషయమున మన పూర్వులు ఈ పనిని చేసి చూపిరి. నేడు సీమయందు విద్యాలయములు వారికాలమునకంటె ఎక్కువ, సాధనములు ఎక్కువ, పరిశోధకులు ఎక్కువ. ఇన్ని యుండియు రాబోవు విద్యార్థి 1800వ సంవత్సరమునుండియే తన ప్రథమాధ్యాయమును మఱల ప్రారంభింపవలసివచ్చినచో, ఆ లోపము విద్యార్థిది కాదు, అధ్యాపకులమైన మనదేయగును.